అడగని ఐదు వోల్టులు

పద్నాలుగో భాగం

పోయినవారం మనం మీటరాయన్ని ఒక పెట్టె ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఆ పెట్టె మందు పంపు. సిరంజి నింపి పెడితే గంటకి ఇంత అని లెక్క తప్పకుండా నరంలోకి మందు తోస్తుంది. గొట్టం మెలిక పడితే కూత పెట్టి మనిషిని పిలుస్తుంది. పిలవాలి. మూడు వారాల కిందట ఆస్పత్రిలో ఒక ముసలి దర్జీ చెయ్యి కింద ఈ పెట్టె గొట్టమే నలిగి మందు ఆగిపోయింది. రక్తపోటు పడిపోయి మనిషి దక్కలేదు. కూత రాలేదంటుంది ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సు. మోగిందంటుంది పెట్టె. పెట్టె లోపలి రికార్డులో నిమిషంతో సహా ఉంది, మూడు గంటల పన్నెండు నిమిషాలకి అలారం మోగిందని. మనిషికీ పెట్టెకీ తగువొస్తే ఈ రోజుల్లో ఎవరి మాట నెగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. విసుగొచ్చి నర్సే దాని నోరు నొక్కేసిందని రేపు పది గంటలకి విచారణలో తేల్చెయ్యడానికి అంతా సిద్ధంగా ఉంది. తేలిందంటే ఆమె ఇక ఏ మంచం పక్కనా నిలబడలేదు.

దానికి మీటరాయన కూడా ఒక చెయ్యి వేశాడు. విచారణ చేస్తున్న డాక్టరమ్మ నిన్న ఫోను చేసి కూత పెట్టే బజరు పనిచేస్తోందా అని అడిగితే, చేస్తోందమ్మా, పదిహేడు సార్లు చూశాను, పదిహేడు సార్లూ మోగింది అన్నాడు. అబద్ధమేమీ కాదు. నిజంగానే మోగింది.

అయినా నిన్నటి నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు.

ఈ పంపులు తయారుచేసే కంపెనీలో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట వోల్టుమీటరు పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి మీటరాయన. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే గది, ఇదే బల్ల, దాని మీద పరిచిన ఇదే ఆకుపచ్చ రబ్బరు పట్టా. పైఅంతస్తులో డిగ్రీలున్నవాళ్ళు గీసిన బొమ్మల ప్రకారం బోర్డు తయారై వస్తే, అది బతికిందో లేదో చెప్పేది ఈయన. బతికితే పైవాళ్ళకి చప్పట్లు, చస్తే ఈయనకి చీవాట్లు. ఈ ఏర్పాటుకి ఆయన అలవాటు పడ్డాడు గానీ, అలవాటు పడ్డందుకు తనమీద తనకే మంట.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక ఆయన నర్సు రాసిచ్చిన వాంగ్మూలం నకలు మళ్ళీ తీశాడు. అరపేజీ. అందులో ఒక వాక్యం దగ్గర నిన్నటి నుంచి కన్ను ఆగిపోతోంది. "స్విచ్చు వేయగానే పంపు ఒక కూత కూసింది, నేను విన్నాను" అని రాసింది. ఆ ఒక్క ముక్క పట్టుకునే కంపెనీ మేనేజరు ఆమెని ఇరికించాడు. కూసిందని నువ్వే ఒప్పుకున్నావు కదా, అంటే బజరు బాగానే ఉన్నట్టే కదా అన్నాడట.

మీటరాయన ఆలోచన వేరే దారిన పోయింది. అబద్ధమాడేది తన మెడకి చుట్టుకునే మాట ఎందుకు రాస్తుంది? అసలు కూయనే లేదని రాస్తే సరిపోయేది. అడిగేవాడెవడు?

ఆమె ఆ రోజు ఏం చేసిందో అదే చేద్దామనుకున్నాడు. అదే వరసలో, ఒక్కటి కూడా తప్పకుండా. బ్యాటరీ మీద పెట్టాడు. సిరంజిలో నీళ్ళు నింపి బిగించాడు. గొట్టం చివర గిన్నెలో వేశాడు. స్విచ్చు మీద చెయ్యి పెట్టబోతూ ఆగాడు. పెట్టె వెనక పరీక్ష తీగ గుచ్చి ఉంది.

ఈ గదిలో అదొక ఆనవాయితీ. ఏ పెట్టె వచ్చినా ముందు తీగ, తర్వాతే స్విచ్చు. ఆ తీగ అటు చివర కంప్యూటరుకి తగిలితే, పెట్టెలో ఎక్కడెక్కడ ఎంత కరెంటు పారుతోందో తెర మీద వరసగా కనపడుతుంది. తీగ లేకుండా ఇక్కడ ఎవరూ పెట్టె ముందు కూర్చోరు, గుడ్డలిప్పకుండా స్నానానికి దిగనట్టు. కానీ ఆస్పత్రిలో మంచం పక్కన ఈ తీగ ఎక్కడిది?

తీగ పీకేశాడు. మూత తీసి మీటరు ముళ్ళు రెండూ బజరు కాళ్ళకి ఆనించి స్విచ్చు వేశాడు.

కూత వచ్చింది, చక్కగా. మీటరు మీద ఐదు పాయింట్ సున్నా రెండు. నీళ్ళు చుక్కచుక్కగా గిన్నెలో పడుతున్నాయి. గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. పది సెకన్లు. ఇరవై. ముప్ఫై దాటీ దాటగానే మీటరు మీద అంకెలు గబగబా దిగిపోయాయి. నాలుగు, రెండు, సున్నా. ఎక్కడా చప్పుడు లేదు, పొగ లేదు. తెర మామూలుగానే వెలుగుతోంది, మోటారు మామూలుగానే తోస్తోంది. బజరుకి వెళ్ళే ఐదు వోల్టులు ఒక్కటే లేవు.

గొట్టం రెండు వేళ్ళతో నలిపి పట్టుకున్నాడు. కాసేపటికి ఎర్ర దీపం మిణుకు మిణుకుమంది. తెర మీద అలారం అని వచ్చింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. రికార్డు తెరిచి చూశాడు. ఒంటి గంట నలభై నిమిషాలకి అలారం మోగింది అని రాసుకుంది పెట్టె.

ఆయన వేళ్ళు గొట్టం మీదే బిగుసుకుపోయాయి. దీనికి చెవుల్లేవు. మోగించమని తను ఆజ్ఞ ఇచ్చిందంతే, మోగిందని రాసేసుకుంది. పైఅంతస్తులో కూర్చుని ఉత్తర్వులు రాసేవాళ్ళ సంతకంలాంటిదే ఈ రాత కూడా. చెప్పాం కాబట్టి అయిపోయినట్టే.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. తీగ గుచ్చి చేశాడు, బజరు చెవులు చిల్లులు పడేలా మోగింది. తీగ పీకి చేశాడు, మూగ. ఆరుసార్లయ్యాక ఇక చెయ్యాలనిపించలేదు. నిన్న ఫోనులో తను చెప్పిన పదిహేడు సార్లూ గుర్తొచ్చాయి. అన్నీ తీగ గుచ్చి చూసినవే.

సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని మేనకోడలు వచ్చింది. అక్క కూతురు. పైఅంతస్తులో కూర్చునే ఇంజనీరు. ఈ పంపు లోపల కరెంటు పంపకమంతా చూసే ప్రోగ్రాం ఆమె చేతిదే. చిన్నప్పుడు ఇదే మామయ్య పక్కన స్టూలు మీద కూర్చుని, పాడైపోయిన రేడియోల్లోంచి ముక్కలు ఊడదీసి మళ్ళీ అతికించేది. ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పైకి వెళ్ళకముందు ఈ గదిలోకి వచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. మేనేజరు చూసి నవ్వాడు. ఆయన ఆ నవ్వు మర్చిపోలేదు, ఆ దండం కూడా.

ఆమె చూపు ముందు పెట్టె వెనక్కి పోయింది. తీగ లేని ఖాళీ చూసింది. అడుగు ఆగింది.

"రా తల్లీ, కూర్చో. నీకో తమాషా చూపిస్తాను," అన్నాడు మీటరాయన.

ఆమె కూర్చోలేదు. ఆయన స్విచ్చు వేసి, మీటరు ఆమెకి కనపడేలా తిప్పి, గడియారం చూడమన్నాడు. ఆమె గడియారం చూడలేదు. మీటరూ చూడలేదు. నేల చూపులు చూస్తూ నిలబడింది.

"ముప్ఫై సెకన్లకి పోతుంది మామయ్యా," అంది.

 చూపించబోయేది ఎదుటివాళ్ళకి ముందే తెలిసిపోతే మనిషికి ఎలా ఉంటుందో ఆయనకి అలా ఉంది. ఎప్పటి నుంచి తెలుసని అడిగాడు. మొన్న సాయంత్రం నుంచి అంది. అంటే నిన్న తను ఫోనులో గొప్పగా పదిహేడు లెక్క చెబుతున్నప్పుడు ఈ పిల్లకి తెలుసు. ఆ ఫోను మాట్లాడుతున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడింది కూడా.

"నేను డాక్టరమ్మకి అబద్ధం చెబుతుంటే వింటూ ఊరుకున్నావు."

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నీకు తెలియదు."

"నాకు తెలియకపోతే చెప్పాల్సింది ఎవరే?"

ఆమె పెట్టె స్విచ్చు ఆపింది. ఇప్పుడెందుకొచ్చావని అడిగితే మెల్లిగా చెప్పింది. మేనేజరు పంపాడట. ప్రోగ్రాంలో ఒక్క లైను కలిపింది. ఆ కొత్త ప్రోగ్రాం ఇవాళ ఈ పెట్టెలో ఎక్కించాలి. మిగతా పది పంపులూ ఆస్పత్రి స్టోరులో తాళం వేసి ఉన్నాయి, వాటికి రేపు పొద్దున్నే. పది గంటలకి విచారణలో అందరి ముందూ ఈ పెట్టె ఆన్ చేసి గొట్టం నొక్కి చూపిస్తారు. మోగుతుంది. ఇక ముందు అన్ని పెట్టెలూ మోగుతాయి. ఎవరికీ ఏ ప్రమాదమూ ఉండదు.

"ఒక్క ఆ నర్సుకి తప్ప," అన్నాడు మీటరాయన.



అసలు ఈ ఐదు వోల్టులు ఎందుకు పోతున్నాయో ఇక్కడ పాఠకులకి చెప్పాలి. అప్పుడెప్పుడో ఈ పిల్లే మామయ్యకి లాడ్జి కథలా చెప్పింది. పెట్టెలో బ్యాటరీ కరెంటు పంచడానికి గోరంత పవర్ చిప్ ఒకటుంది, అది లాడ్జి మేనేజరు అనుకో అంది. మోటారుకి పన్నెండు వోల్టుల గది, తెరకి మూడుంబావు, బజరుకి ఐదు. ఒక్కో భాగానికి ఒక్కో డ్రైవరు ఉంటుంది. డ్రైవరంటే బండి తోలేవాడు కాదు, ఆ భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం. ఆ డ్రైవరు వచ్చి నాకు గది కావాలని అడిగి పేరు రాయించుకోవాలి. రాయిస్తేనే దీపం. ఒకే గదికి ఇద్దరు రాయించుకుంటే, ఇద్దరూ ఖాళీ చేశాకే దీపం ఆర్పుతారు. పెట్టె నిద్ర లేచినప్పుడు కొన్ని దీపాలు వెలిగే ఉంటాయి. ముప్ఫై సెకన్లయ్యాక లాడ్జి మేనేజరు ఒక చుట్టు తిరిగొస్తాడు. పుస్తకంలో పేరు లేని గదుల్లో దీపాలన్నీ ఆర్పేస్తాడు, బ్యాటరీ మిగలాలి కదా. తలుపు మీద ఎప్పుడూ ఆన్ అని గుర్తున్న గది జోలికి మాత్రం పోడు.

బజరు గదికి మొదట్లో ఆ గుర్తు ఉండేది. అందుకే బజరు డ్రైవరు రాసినవాడు పేరు రాయించే పని పెట్టుకోలేదు. అడక్కుండానే దొరుకుతుంటే ఎవడడుగుతాడు? ఆ తర్వాత గుర్తు తీసేశారు. డ్రైవరు రాసినవాడు అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. గుర్తు పోయింది, అడిగేవాడు లేడు. మొదటి ముప్ఫై సెకన్లూ వెలిగి ఉంటుంది కాబట్టి స్విచ్చు వేయగానే కూత వస్తుంది, విన్నవాళ్ళు బాగుందనుకుంటారు. పరీక్ష తీగ తగిలితే మాత్రం, అన్నిటినీ కొలవాలి కాబట్టి ఆ తీగ ప్రోగ్రాం అన్ని గదులూ తన పేరు మీద రాయించేసుకుంటుంది. ఇక ఏ దీపమూ ఆరదు. కొలవడానికి వచ్చినవాడే దీపం పట్టుకుని నిలబడితే చీకటి ఎక్కడ కనపడుతుంది?

"ఆ గుర్తు తీసింది నువ్వేనా?" అని అడిగాడు, ఆమె చెప్పిందంతా విన్నాక.

"నేనే."

"తీశాక చూసుకోవద్దూ?"

"చూశాను మామయ్యా. గొట్టం నొక్కి చూశాను. మోగింది."

"తీగతోనా?"

ఆమె మొదటిసారి తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. "ఇక్కడ తీగ లేకుండా ఎవరు చూస్తారు? ముందు తీగ, తర్వాతే స్విచ్చు. నాకు నేర్పిందెవరు?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆయన అతుకులు వేసే సోల్డరు ముక్క ఒకటి తీసుకుని వేలికి చుట్టాడు, విప్పాడు. కానీ కోపం ఉన్నవాడికి ఇంకో ప్రశ్న దొరక్కపోదు. బాగున్న గుర్తుని తియ్యాలని ఏ మహానుభావుడికి బుద్ధి పుట్టింది, నీకా, నీ మేనేజరుకా అన్నాడు. కుర్చీ అరిగేదాకా కూర్చోవడం తప్ప బోర్డు ముట్టుకోవడం రాని పైవాళ్ళు ఇలాంటి పనులే చేస్తారన్నాడు. మనిషి ప్రాణం మీద పొదుపు చేసిన ఆ పెద్దమనిషి ఎవరో చెప్పమన్నాడు. చెబితే వెళ్ళి మొహమ్మీదే అడుగుతానన్నాడు.

"వద్దు మామయ్యా."

"చెప్పవే."

"అందుకే నీకు చెప్పలేదు. బలవంతపెట్టకు."

ఆయన బలవంతపెట్టాడు. ఆమె సంచీలోంచి లాప్‌టాప్ తీసింది. తెరిచి ఏదో వెతికి ఆయన వైపు తిప్పింది. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా ఎందుకు చేశారో కాగితం జత చెయ్యాలి, అది పైఅంతస్తు రూలు. ఈ మార్పుకి జత చేసింది ఒక చీటీ ఫోటో. గళ్ళ కాగితం, నీలం బాల్‌పెన్ను, కుడివైపుకి ఒరిగిపోయే అక్షరాలు.

"బజరు లైను ఊరికే ఆన్‌లో ఉంటోంది. పంపు పని లేకుండా ఉన్నప్పుడు కూడా కరెంటు తింటోంది. బ్యాటరీ తొమ్మిది గంటలకే అయిపోతోంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంచాల్సిన పని లేదు. తీసేస్తే పన్నెండు గంటలు వస్తుంది."

కింద సంతకం ఆయనదే.

ఆయన రెండుసార్లు చదివాడు. రెండోసారి చదవాల్సిన పని లేదు, ప్రతి అక్షరమూ గుర్తే. ఆరు నెలల కిందట మూడు రోజులు కూర్చుని ఒక్కో లైనూ కొలిచి పట్టుకున్న దొంగ అది. ఇంజనీర్లంతా తలలు పట్టుకుంటే ఎనిమిదో తరగతివాడు పట్టాడని లోలోపల ఎంత పొంగిపోయాడో. బ్యాటరీ పన్నెండు గంటలు వచ్చిందని తర్వాత పైన మీటింగు పెట్టుకున్నారు. మేనేజరుకి మెచ్చుకోలు పత్రం వచ్చింది, గాజు చట్రంలో. మీటరాయన్ని మీటింగుకి పిలవలేదు. చీటీలో సంతకం ఉందన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు గుర్తొస్తుంది. ఎందుకు రాదు?

"మేనేజరు మొన్నే అన్నాడు," అంది మేనకోడలు.  "విషయం బయటికొస్తే ఈ చీటీ మొదటి పేజీలో ఉంటుందట. సర్టిఫికెట్టు లేని బెంచీ మనిషి మాట విని మార్పు చేశారని రాసుకుంటారట. నిన్ను అసలు ఆ బల్ల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారని అడుగుతారట. నీకింకా మూడేళ్ళ సర్వీసుంది మామయ్యా. ఇంకెవరు పెట్టుకుంటారు నిన్ను?"

"అందుకని నర్సుని పంపించేద్దామనుకున్నావు."

"నేను అనుకోలేదు. నేను... రెండు రాత్రుళ్ళుగా ఏమీ అనుకోలేకపోతున్నాను."

 కిటికీ అవతల అట్టపెట్టెలు లారీకి ఎక్కిస్తున్నారు. ఎవరో జోకు వేస్తే ఎవరో పెద్దగా నవ్వారు. మీటరాయన పెట్టె మూతలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఏడుపు రాలేదు గానీ, మొహం పది రోజులు జ్వరం పడ్డవాడిలా పీక్కుపోయింది. తను మెచ్చుకోలు కోసం రాయలేదు ఆ చీటీ. నిజంగానే లైను ఊరికే ఆన్‌లో ఉంది. కొలత తప్పు కాదు. తీస్తే ఏం తెగుతుందో అడక్కపోవడం తప్పు. అది అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఈ ఆలోచన వచ్చాక ఆయనకి ఎందుకో కాస్త ఊపిరాడింది. చదువుకోని వాడినని ఇన్నాళ్ళూ లోకం మీద పళ్ళు నూరాడు. ఈ ఒక్క తప్పుకి మాత్రం ఆ సాకు చెల్లదు.

మేనకోడలు మెల్లిగా సంచీలోంచి తీగ తీసింది. టైమైపోతోంది, ప్రోగ్రాం ఎక్కించనీ మామయ్యా అంది. ఆయన పెట్టె వెనక సాకెట్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ నర్సు అలారం నోరు నొక్కేసిందని రాశారు. నొక్కడానికి అక్కడ నోరేది?"

"మామయ్యా..."

"ఇందులో ఉన్న పాత ప్రోగ్రామే ఆమెకి సాక్షి. దాన్ని నువ్వు చెరిపేస్తే ఇక దేవుడు దిగొచ్చినా ఆమె మాట నమ్మేవాడుండడు. ఆ తీగ పక్కన పెట్టు తల్లీ."

ఆమె తీగ చుట్టి బల్ల మీద పెట్టింది. బరువు దించుకున్నదానిలా స్టూలు మీద కూలబడింది. చిన్నప్పుడు కూర్చున్న స్టూలు కాదు, కానీ కూర్చున్న తీరు అదే, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని.

మీటరాయన ఫోను తీసి డాక్టరమ్మకి చేశాడు. ఆయనకి ఫోనులో పెద్ద మాటలు రావు. నిన్న నేను చెప్పింది తప్పమ్మా అన్నాడు. పెట్టె నా దగ్గరే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టకముందే ఇవాళే వచ్చి చూడండి అన్నాడు. ఆ నర్సుని కూడా తీసుకురండి, ఆవిడ చేత్తోనే చేయించాలి అన్నాడు.  డాక్టరమ్మ, గంటలో వస్తాను, అంతవరకూ గది వదిలి కదలకండి అంది.

నాలుగు కాకముందే వచ్చారు. డాక్టరమ్మ రిటైరైన మనిషి, తెల్లజుట్టు, కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. వెనకాల నర్సు. ముప్ఫై ఉంటాయేమో. యూనిఫాం లేదు, మామూలు చీరలో ఉంది. గది గుమ్మం దగ్గరే ఆగిపోయి బల్ల మీద పెట్టెని చూసింది, చెయ్యి చేసుకున్నవాడిని మళ్ళీ చూసినట్టు. ఆఖరున మేనేజరు, మెట్లు దిగొచ్చిన ఆయాసంతో. ఏమిటండీ ఈ హడావిడి, రేపు పదింటికి అనుకున్నాం కదా అని నవ్వబోయాడు. మేనకోడలి చేతుల్లో తీగ లేకపోవడం, అది బల్ల మీద చుట్టి ఉండటం చూసి నవ్వు సగంలో ఆపేశాడు.

మీటరాయన ఎవరికీ ఏమీ వివరించలేదు. నర్సుతో మాత్రం, ఆ రోజు ఎలా చేశావో అలాగే చెయ్యమ్మా అన్నాడు. ఆమె ముందు కదల్లేదు. డాక్టరమ్మ తల ఊపాక దగ్గరికొచ్చింది. సిరంజి చేతిలోకి రాగానే ఆ వేళ్ళు వాటంతట అవే కదిలాయి. ఆరేళ్ళ అలవాటు. గాలి బుడగ బయటికి తట్టింది, సిరంజి బిగించింది, స్విచ్చు వేసింది.

కూత వచ్చింది.

ఆమె మొహం వాడిపోయింది. మేనేజరు చిన్నగా దగ్గాడు. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మీటరాయన వంక చూసింది. ఆయన గడియారం వైపు వేలు చూపించాడు. అంతే. నలుగురూ గడియారం చూస్తూ నిలబడ్డారు. మేనకోడలు ఒక్కతే కళ్ళు మూసుకుంది.

నిమిషం గడిచాక ఆయన చెబితే నర్సు గొట్టం మడిచి నలిపింది. ఎర్ర దీపం మిణుకుమంది. తెర మీద అలారం అని వచ్చింది. నిశ్శబ్దం. లారీ దగ్గర మనుషుల మాటలు కూడా వినిపిస్తున్నాయి. ఆమె వేళ్ళు తెల్లబడేదాకా నలుపుతూనే ఉంది, ఇప్పుడైనా అరుస్తుందేమో అన్నట్టు.

"ఇలాగే ఉంది డాక్టరుగారూ," అంది చివరికి. "ఆ రోజు కూడా ఇలాగే ఉంది. నేను పక్క మంచం దగ్గర వీపు తిప్పి ఉన్నాను. దీపం నాకు కనపడలేదు."

డాక్టరమ్మ ముందుకు వంగి రికార్డు చదివింది. మూడు గంటల యాభై రెండు నిమిషాలకి అలారం మోగింది. కళ్ళజోడు తీసేసింది. ఆ తర్వాత ఆవిడ గొంతులో మెత్తదనం లేదు. ఈ బజరుకి కరెంటు ఆపేయించింది ఎవరని అడిగింది.

మీటరాయన గొంతు సవరించుకునేలోపే మేనకోడలు లేచి నిలబడింది.

"నేనండీ. ప్రోగ్రాంలో మార్పు నాది. ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే చేశాను."

లాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద ఆమె చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఏం దాస్తోందో గదిలో ముగ్గురికి తెలుసు. మేనేజరు కళ్ళు ఒక్కసారి ఆమె మీద, ఒక్కసారి మీటరాయన మీద తిరిగాయి. ఎటు లాభమో లెక్క వేసుకుంటున్నాడని ఆయనకి అర్థమైంది. పిల్లని చూశాడు. ఇరవై ఏడేళ్ళు. ముందు బోలెడంత బతుకు. మామయ్య తప్పుని వడ్డించిన విస్తరిలా తన ముందుకి లాక్కుని కూర్చుంటోంది.

"కాదమ్మా," అన్నాడు మీటరాయన. "చెప్పింది నేను. రాసిచ్చాను, సంతకం కూడా పెట్టాను. ఆ లాప్‌టాప్ తెరవమనండి, కనపడుతుంది. పిల్ల పెద్దవాళ్ళ మాట విన్నది, అంతే."

"మామయ్యా, ఊరుకో," అంది మేనకోడలు, వినపడీ వినపడకుండా.

మేనేజరు అందుకున్నాడు. అదేనండీ నేను ముందు నుంచీ చెబుతున్నది, అర్హత లేని మనుషులని అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. నర్సు ఇంకా గొట్టం వదల్లేదు. ఎవరు తప్పు చేశారన్న తగువు ఆమె వింటున్నట్టే లేదు. ఏదో లెక్కపెట్టుకుంటున్నదానిలా పెదాలు కదిలాయి.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?" అంది.

మొత్తం పదకొండు, ఇది కాక పది, అవన్నీ మీ స్టోరులోనే తాళం వేసి ఉన్నాయని మేనకోడలు చెప్పింది.

"లేవు," అంది నర్సు. "పొద్దున నా సామాను తెచ్చుకోవడానికి వార్డుకి వెళ్ళాను. మూడో మంచానికి ఒకటి, ఐదో మంచానికి ఒకటి పెట్టి ఉన్నాయి. ఎందుకు తీశారని అడిగితే, బజరు బాగుందని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందన్నారు."

డాక్టరమ్మ మేనేజరు వైపు తిరిగింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న మీటరాయన ఫోనులో అన్న మాటే నేను రాసి పంపాను," అన్నాడు. "కాగితాల కోసం... వాడకానికి తీస్తారనుకోలేదు."

మీటరాయన బల్ల అంచు పట్టుకున్నాడు. పదిహేడు సార్లు చూశాను. పదిహేడు సార్లూ మోగింది. ఆ మాటే ఉత్తరమైంది. ఆ ఉత్తరమే తాళం తీసింది.

డాక్టరమ్మ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. వార్డులో ఈ పూట డ్యూటీలో ఎవరని నర్సుని అడిగింది. కొత్తమ్మాయి, ఒక్కర్తే, పద్నాలుగు మంచాలకి అంది నర్సు. అంటూనే గొట్టం వదిలేసి గుమ్మం వైపు నడిచింది. నడక పరుగైంది. మేనకోడలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె వెనకాలే పరిగెత్తింది.

 డాక్టరమ్మ చెవి దగ్గర అటువైపు వార్డులో ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.